ఐదు గజాల దూరం

హోలుబివ్కా, సస్కాచెవాన్
1986 జులై 14

నాయనా ఒస్తాప్,

ముందు దేవుడికి దండం, తర్వాత నీకు ముద్దులు.

శనివారం నీ ఫుట్‌బాల్ ఆట రోజు మరిది వాల్టర్ వాళ్ల వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలిచాను. టీవీ ముందు గదిలో ఉంది, నేను వంటింట్లో ఉన్నాను. నేను చూడలేనని నీకు తెలుసు కదా. ఎవడు బంతి పట్టుకుని పరిగెత్తాడో, ఎవడు ఎవణ్ణి గుద్దాడో, ఎన్ని గజాలు వచ్చాయో నాకక్కర్లేదు. నువ్వు కింద పడ్డప్పుడల్లా వాల్టర్ లోపల్నుంచి "లేచాడు వదినా!" అని అరవాలి, అంతే. ఆ మాట పదకొండుసార్లు విన్నాను. పన్నెండోసారి ఆలస్యమైంది. గిన్నె ఒళ్లోంచి జారి బఠాణీలన్నీ బల్ల కిందికి పోయాయి. "లేచాడు, లేచాడు, కన్ను తుడుచుకుంటున్నాడంతే" అన్నాడు వాల్టర్. కన్నెందుకు తుడుచుకున్నావు? రాయి.

తొమ్మిదేళ్లు బెంచీ మీద కూర్చున్నావు. బంతి తన్నినప్పుడు మాత్రం లేచి దాని వెంట పరిగెత్తేవాడివి. జట్టులో ఈ దేశపు పిల్లలు ఇంతమంది ఉండి తీరాలని రూలుందనీ, ఆ లెక్క కోసమే నిన్ను ఉంచుకున్నారనీ కోఆప్ కొట్టు దగ్గర నా మొహం మీదే అన్నారు. ఈ ఏడు నువ్వు లైన్‌బ్యాకర్‌వై, అవతలివాళ్లని పడగొట్టే వరసకి మధ్యలో నిలబడ్డావు. అటూ ఇటూ అమెరికా వాళ్లు, మధ్యలో మనవాడు. చెప్పేవాడివి నువ్వు, వినేవాళ్లు వాళ్లు. ఆదివారం గుళ్లో మీ అమ్మ పేర ఒక కొవ్వొత్తి వెలిగించి, "చెల్లీ, నీ కొడుకు లైన్‌బ్యాకర్ అయ్యాడే, రూలు కోసం కాదు, నిజంగా" అని చెప్పి వచ్చాను. పూజారిగారు నావైపు చూశారు. చూస్తే చూశారు.

తలుపు గొళ్లెం వేసుకుని పడుకో. ఉల్లిపాయ ఎక్కువ తిను.

పెద్దమ్మ స్టెఫ్కా


విన్నిపెగ్
ఆగస్టు 10

పెద్దమ్మా,

ఆ పన్నెండోసారి ఎవడిదో బొటనవేలు కంట్లో తగిలింది. రెండు రోజులు ఎర్రగా ఉండి తగ్గిపోయింది. బఠాణీలు ఏరుకున్నావా మరి?

ఇక్కడ నాతో ఒకే ఇంట్లో టెరెల్ అని ఒకడుంటున్నాడు. అలబామా వాడు, నా పక్కనే ఆడతాడు. ఆరడుగుల మూడంగుళాలు. వాళ్లమ్మకి రోజూ కార్డు రాస్తాడు గానీ వారానికొకసారి అన్నీ కలిపి పోస్టు చేస్తాడు. నువ్వు పంపిన గసగసాల రొట్టె సగం వాడే తిన్నాడు. మిగతా సగం జట్టు సామాన్ల గది చూసుకునే కోస్టుర్ గారికి ఇచ్చాను, ఆయనా మన భాషవాడే. ఆయన వాసన చూసి, "మా అమ్మ పోయాక ఇలాంటిది తినలేదురా" అని గోడవైపు తిరిగి తిన్నాడు.

మధ్యలో నిలబడటమంటే ఏమిటో చెప్పనా? అవతలివాళ్లు బంతి కదపకముందే వాళ్ల కాళ్లు చూసి ఎటు పోతారో చెప్పాలి. ఎంత దూరంలో ఎవడున్నాడో కంటితోనే కొలిచేయాలి. నాకది ఎవరు నేర్పారనుకుంటున్నావు? కోచ్ కాదు. కంచె గుంజలు పాతేటప్పుడు నువ్వు తాడు ముట్టుకోనిచ్చేదానివి కాదు. "కన్నెందుకిచ్చాడ్రా దేవుడు, చూసి చెప్పు" అనేదానివి. ఎనిమిదేళ్ల వయసులో ఇరవై గుంజలు పాతితే ఒక్కటి కూడా అడుగు తేడా రాలేదు. ఇవాళ నా తిండి ఆ కంచె పెట్టిందే. ఎప్పుడూ చెప్పలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఈ ఏడు ఇక్కడ నుసుముల్లాంటి నల్ల పురుగులు మరీ ఎక్కువ. గదిలో కూడా మొహం ముందు ఎగురుతుంటాయి. నేను చేత్తో తోలుకుంటుంటే టెరెల్ నవ్వుతాడు. "ఓరి మామా, ఎవరికిరా ఆ టాటా?" అంటాడు.

నీ ఒస్తాప్


హోలుబివ్కా
సెప్టెంబరు 12

నాయనా,

మంగళవారం రాత్రి గడ్డ కట్టే మంచు పడింది. టమాటా మొక్కల మీద దుప్పట్లన్నీ కప్పాను, నా మంచం మీదది కూడా. అయినా సగం పోయాయి. సోయికూర పొద్దునకల్లా నల్లబడింది. ఒక మేలు మాత్రం జరిగింది, దోమలూ ఈగలూ ఒక్క దెబ్బతో పోయాయి. వాకిట్లో కూర్చుంటే చెవి దగ్గర చప్పుడే లేదు. మీ ఊళ్లో మనకంటే ముందే పడిందట, రేడియోలో చెప్పారు.

బంగాళాదుంపలు తవ్వుతున్నాను. నడుం పట్టేసింది. నడుం కాదేమో, మూత్రపిండమేమో అని నా బెంగ. వాల్టర్ కొత్త ట్రాక్టరు బ్రేకులు మంచివి కావని ఇంకో బెంగ. నువ్వు విమానంలో వాంకూవర్ వెళ్తున్నావని తెలిసి రెండు రాత్రులు కొండలు కలలోకి వచ్చాయి. విమానం కొండలకి ఎంత పైన వెళ్తుందో పైలట్‌ని అడిగి రాయి.

నువ్వు కంచె గురించి రాసింది మూడుసార్లు చదివాను. తాడు కొనే స్తోమత లేకే తాడు ముట్టుకోనివ్వలేదు నాయనా. ఆ సంగతి నీకు చెప్పలేదు. నువ్వు దాన్ని చదువనుకున్నావు. అలా అనుకున్నందుకు నీకు దండం పెడుతున్నాను.

శుక్రవారం గుడి కింది గదిలో ఆడవాళ్లం పిరోహీలు చేశాం. బంగాళాదుంప ముద్ద పెట్టి మడిచినవి రెండు వేల నాలుగువందలు. మార్తా మడిచినవన్నీ ఉడికేటప్పుడు విచ్చుకున్నాయి. నేనేమీ అనలేదు, చూశానంతే. దానికే ఏడ్చింది.

పెద్దమ్మ


విన్నిపెగ్
సెప్టెంబరు 30

పెద్దమ్మా,

పొట్టి ఉత్తరమే, ఏమీ అనుకోకు. గెలిచాం. నేను తొమ్మిదిమందిని పడగొట్టాను. కొండల పైన చాలా ఎత్తులో వెళ్లాం, పైలట్ నీకు నమస్కారం చెప్పాడు. (నిజంగా అడిగాను.)

నడుం డాక్టరుకి చూపించు. మూత్రపిండం కాదు.

ఇక్కడ పురుగులు ఇంకా పోలేదు, ఇంట్లో కూడా ఉన్నాయి. మంచు వాటికి లెక్కలేదులా ఉంది. నిన్న కాఫీ కప్పులో పోయబోయి బల్ల మీద పోశాను. టెరెల్ కొంచెంసేపు నవ్వాడు, తర్వాత నవ్వలేదు.

కొంచెం తలనొప్పి. నిద్ర చాలక.

ఒస్తాప్


హోలుబివ్కా
అక్టోబరు 14

నాయనా ఒస్తాప్,

శనివారం జరిగింది విన్నాను. వాల్టర్ మొదట నాకు చెప్పలేదు. టీవీ ఆపేసి వంటింట్లోకి వచ్చి నీళ్లు తాగాడు. "లేచాడా?" అన్నాను. "లేచాడు వదినా. లేవకపోయినా బాగుండేది" అన్నాడు. బఠాణీలైతే మొహాన కొట్టేదాన్ని. చేతిలో పిండి ఉంది, దాంతో సరిపెట్టాను.

తర్వాత కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. ఒక్క నిమిషం మిగిలింది, మనం ఒక్క పాయింటు ముందున్నాం. బంతి తన్నేశాం. అవతలివాడు దాన్ని పట్టుకునేదాకా వాడి చుట్టూ ఐదు గజాల లోపలికి మనవాడెవడూ అడుగు పెట్టకూడదు. పెట్టావు. పదిహేను గజాలు జరిమానా. దాంతో ఎడ్మంటన్ వాళ్లు దగ్గరికొచ్చి బంతిని గుంజల మధ్యనుంచి తన్ని మూడు పాయింట్లు పట్టుకుపోయారు.

నిన్న కోఆప్ కొట్టుకి చక్కెర కోసం వెళ్లాను. కాఫీ బల్ల దగ్గర నలుగురు మగవాళ్లు. నేను లోపలికి రాగానే ఊరుకున్నారు. నాకు ఊరుకోవడమే వినబడుతుంది. "కానివ్వండి, ఆపారేం?" అన్నాను.

"ఏం లేదు స్టెఫ్కా పిన్నీ" అన్నాడు పీట్. "మీవాడు కాస్త దురాశ పడ్డాడని అనుకుంటున్నాం, అంతే."

"దురాశా? తొమ్మిదేళ్లు బెంచీ మీద కూర్చున్నవాడికి దురాశా?"

"ఐదు గజాలు పిన్నీ! మా మనవడు కూడా చూసి ఆగుతాడు."

"మీ మనవణ్ణి పంపు మరి, ఎనభై కిలోలు మోసే కుర్చీ వెయ్యాలి వాడికి" అన్నాను. అందరూ నవ్వారు. పీట్ మాత్రం నవ్వలేదు, వాళ్ల మనవడు లావే. చక్కెర మర్చిపోయి ఇంటికొచ్చాను.

ఇక నా మాట విను. రాత్రంతా కూర్చుని ఆలోచించాను.

ఎనిమిదేళ్లకి ఇరవై గుంజలు పాతి అడుగు తేడా రానివాడివి. ఐదు గజాలు నువ్వు తప్పుగా కొలవవు. దురాశ పడితే తెలిసే పడతావు, తెలిసి తప్పు చేసేవాడివి కాదు. అంటే నీకు ఆ దూరం కనబడలేదు.

మంచు పడి నెల దాటింది. గడ్డ కట్టే మంచు తర్వాత ఈ నేల మీద ఎగిరే పురుగు బతకదు. అరవై ఏళ్లుగా చూస్తున్నాను, ఒక్క ఏడూ బతకలేదు. మీ ఊళ్లో మనకంటే ముందే పడింది. నీకు కనబడే పురుగులు గదిలో లేవు నాయనా. నీ కంట్లో ఉన్నాయి.

మన గుర్రం కాష్కా నీకు గుర్తుందో లేదో. దానికి ఒక పక్క చూపు పోయిందని ఎవరికీ తెలియలేదు. మామూలుగానే నడిచేది. ఒక రోజు మా నాన్న దానికి తెలియకుండా ఎడమ పక్కనుంచి గడ్డిపోచ విసిరాడు. కుడివైపునుంచి విసిరితే తల తిప్పేది. ఎడమవైపునుంచి విసిరితే చెవి కూడా కదపలేదు.

రేపే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లు. రేపే.

పెద్దమ్మ


విన్నిపెగ్
అక్టోబరు 19

పెద్దమ్మా,

నీకు గాలి వీచినా బెంగే, వీచకపోయినా బెంగే. నా మోకాలి మీద కాయ కాస్తే కాన్సరన్నావు. వాల్టర్ దగ్గితే క్షయ అన్నావు. విమానం ఎక్కితే కొండలన్నావు. ఇప్పుడు నన్ను గుర్రాన్ని చేశావు.

నేను దురాశే పడ్డాను. పీట్ చెప్పింది నిజం. పేపరు వాళ్లకీ అదే చెప్పాను. జట్టు ముందు లేచి నిలబడి క్షమించమన్నాను. టెరెల్ నా భుజం మీద చెయ్యి వేసి అక్కడే ఉన్నాడు, మిగతావాళ్లు బూట్లు చూసుకున్నారు. ఇదంతా మళ్లీ గుర్తు చేయకు.

సరే, నీకు అబద్ధం చెప్పను. ఎడమ కంటికి ఓ పక్క కొంచెం మసగ్గా ఉంది. తెర వేసినట్టు. టెరెల్‌కి తెలుసు, ఇప్పుడు నీకు తెలిసింది. వాడి చేత ఒట్టు వేయించుకున్నాను. నువ్వూ ఎవరికీ చెప్పకు. పెద్ద ఆటలు ఇంకో మూడు వారాల్లో. నాకు ముప్ఫై ఒకటి వచ్చాయి పెద్దమ్మా. మధ్యలో నిలబడటం నాకు ఈ ఒక్క ఏడే దక్కింది. ఆ ఐదు గజాల తప్పు మీద నా పేరు మిగిలిపోకూడదు. ఆటలైపోగానే డాక్టరుకి చూపిస్తాను, అమ్మ మీద ఒట్టు.

ఒస్తాప్


హోలుబివ్కా
అక్టోబరు 24

నాయనా,

నీ ఉత్తరం అందింది. సరే. నేనేమీ అడగను.

ఇక్కడ అందరూ కులాసా. నడుం తగ్గింది. వాల్టర్ ట్రాక్టరు బ్రేకులు బాగానే ఉన్నాయి. మార్తా మడిచిన పిరోహీలు ఈసారి విచ్చుకోలేదు.

గసగసాల రొట్టెలు రెండు పోస్టులో పంపాను. ఒకటి నీకు, ఒకటి కోస్టుర్ గారికి. ఆయనది వేరే డబ్బాలో పెట్టి ఆయన పేరు మీదే పంపాను. నీకు శ్రమ ఎందుకని.

వెచ్చగా ఉండు.

పెద్దమ్మ


విన్నిపెగ్, ఆసుపత్రి
అక్టోబరు 31

పెద్దమ్మా,

గీతలు వంకరగా ఉంటే ఒక కన్నుకి గుడ్డ కట్టి ఉందని అనుకో.

నువ్వు చెప్పిందే నిజమైంది. మంగళవారం నేను బూట్లు కట్టుకుంటుంటే కోస్టుర్ గారు ఎడమ పక్కనుంచి తువ్వాలు విసిరాడు. అది నా చెవికి తగిలి పడింది. నవ్వాననుకో. ఇంకోటి విసిరాడు, అదీ తగిలింది. మూడోది విసిరేటప్పటికి ఆయన మొహంలో నవ్వు లేదు. ముసలాయన నా చొక్కా పట్టుకుని, డెబ్బై కిలోలు లేడు మనిషి, నన్ను మెట్ల మీదుగా డాక్టరు గదికి ఈడ్చుకుపోయాడు. "ఇతనికి ఎడమ పక్క కనబడటం లేదు. చూస్తారా, నేనే చూడనా?" అన్నాడు.

కంటి లోపలి పొర ఊడిపోతోందట. గోడకి అంటించిన కాగితం తేమకి మూలనుంచి లేచినట్టు అన్నాడు కంటి డాక్టరు. జులైలో ఆ బొటనవేలు దెబ్బకే చిరిగి ఉంటుందట. రేపు పొద్దున ఆపరేషను. నా ఆట అయిపోయింది. ఈ ఏడు మాత్రమే కాదు, మొత్తానికే. మళ్లీ ఒక గుద్దు తగిలితే మిగిలేది ఏమీ ఉండదట.

నాకు కన్ను గురించి కంటే మంట ఎక్కడో తెలుసా? టెరెల్ చెప్పేశాడు. ఇంకెవరు చెబుతారు? ఇక్కడ తెలిసింది వాడికొక్కడికే. ఒట్టు పెట్టాడు, నా చెయ్యి పట్టుకుని పెట్టాడు. నిన్న వచ్చాడు. "నువ్వేగా" అన్నాను. వాడు అవునని అనలేదు, కాదని అనలేదు. "నీ కన్ను బాగుంటే చాలు మామా" అన్నాడు. బయటికి పొమ్మన్నాను. అనకూడని మాట కూడా అన్నాను, నీకు రాయలేను. వాడి మొహం ఇక చూడను.

మూడు వారాలే కదా పెద్దమ్మా అడిగింది.

ఒస్తాప్


హోలుబివ్కా
నవంబరు 4

నాయనా ఒస్తాప్, నా తండ్రీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు పొయ్యిలో వేశాను. నీకు కోపం వచ్చినా ఆఖరుదాకా చదువు.

టెరెల్ చెప్పలేదు. నేను చెప్పాను.

నువ్వు ఎవరికీ చెప్పవద్దన్న ఉత్తరం చేతిలో పట్టుకుని రెండు రోజులు తిరిగాను. మీ అమ్మ మీద ఒట్టు అన్నావు. మీ అమ్మ నా చెల్లెలు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని నిన్ను అప్పజెప్పింది, అప్పుడు నీకు ఆరేళ్లు. "ఆట పోయినా పరవాలేదక్కా" అంటుందా, "కన్ను పోయినా పరవాలేదక్కా" అంటుందా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. అడగక్కర్లేదు, నాకు తెలుసు. అయినా అడిగాను, ఎందుకంటే నీ తొమ్మిదేళ్లు నా కళ్ల ముందు ఉన్నాయి. బెంచీ మీద కూర్చుని కూడా నువ్వు నాకు ఒక్క ఉత్తరంలో అలిగి రాయలేదు. నీకు దక్కిన ఒక్క ఏడుని నేను నా చేత్తో తీసేయాలా అని ఏడ్చాను.

డాక్టరుకి రాయడానికి నాకు ఇంగ్లీషు రాదు. కోచ్‌కి రాయడానికి ధైర్యం లేదు. అందుకని కోస్టుర్ గారి రొట్టె డబ్బాలో, అట్టముక్క కింద, మన భాషలో చీటీ పెట్టాను. "అయ్యా, మావాడికి తెలియకుండా ఎడమ పక్కనుంచి ఏదైనా మెత్తటిది విసిరి చూడండి. వాడు తిరిగి చూస్తే నా పిచ్చి అనుకుని రొట్టె తినండి. చూడకపోతే దేవుడి కోసం డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. నేను చెప్పానని చెప్పకండి" అని రాశాను.

కిందటి ఉత్తరంలో నేను ఏమీ అడగలేదు. నీకు అనుమానం రావాల్సింది. నేను అడగకపోవడం ఎప్పుడైనా ఉందా?

ఆ పిల్లాడు చెయ్యని పనికి మాట పడ్డాడు. నేను నోరు మూసుకుంటే నువ్వు జీవితాంతం వాణ్ణి తిట్టుకుంటావు, నాకేమో ఉత్తరాలు రాస్తూ ఉంటావు. అలా వచ్చే ఉత్తరం నాకొద్దు. నీకు కోపం తీరేదాకా రాయకు. నేను బెంగపడుతూనే ఉంటాను, అది నాకు అలవాటే. కానీ వాడి మొహం చూడు.

నీ పెద్దమ్మ


విన్నిపెగ్
నవంబరు 14

పెద్దమ్మా,

ఈ ఉత్తరం నేల మీద కాగితం పెట్టి, మంచం అంచున బోర్లా పడుకుని, తల కిందికి వేలాడేసి రాస్తున్నాను. కంట్లో గాలి బుడగ పెట్టారు. అది పైకి తేలి ఆ పొరని గోడకి నొక్కి ఉంచాలట. అందుకని రెండు వారాలు పగలూ రాత్రీ మొహం నేలకే. ఇవాళ ఆఖరి రోజు.

ఎవరొచ్చినా నాకు బూట్లే కనబడేవి. నర్సు తెల్ల బూట్లు. కోచ్ బూట్లు ఒక్కసారి వచ్చి మంచం పక్కన నిలబడి వెళ్లిపోయాయి. రోజూ సాయంత్రం నాలుగింటికి పదమూడో నంబరు బూట్లు వచ్చేవి. నేను మాట్లాడేవాణ్ణి కాదు. టెరెల్ మోకాళ్ల మీద కూర్చుని, నా తల కిందికి దూరి, పైకి చూస్తూ నా కంట్లో చుక్కలు వేసి వెళ్లిపోయేవాడు. ఎనిమిది రోజులు ఒక్క మాట లేకుండా. నర్సుని అడిగితే తెలిసింది, తనకి నేర్పమని వాడే బతిమాలాడట.

నీ ఉత్తరం వాడే ఇంటినుంచి తెచ్చాడు. డాక్టరు నన్ను చదవొద్దన్నాడు. అప్పుడే కోస్టుర్ గారి అరిగిన బూట్లు వచ్చాయి. మన భాష వచ్చినవాడు ఆయనే కదా, చదవమన్నాను. కళ్లజోడు పెట్టుకుని గట్టిగా మొదలుపెట్టాడు. "టెరెల్ చెప్పలేదు, నేను చెప్పాను" దగ్గర గొంతు తగ్గింది. రొట్టె డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి దగ్గాడు.

"చదవండి" అన్నాను.

"ఇక్కడ అక్షరాలు సరిగ్గా లేవురా" అన్నాడు.

"పెద్దమ్మ అక్షరాలు ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయి. చదవండి."

చదివాడు. ఆఖరుదాకా చదివి, "రొట్టె మాత్రం మొత్తం తిన్నాను. చీటీ చదివాక తిన్నాను. సిగ్గులేదు నాకు" అన్నాడు.

టెరెల్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏమిటి, ఎవరైనా పోయారా?" అని అడుగుతున్నాడు. కోస్టుర్ గారు ఇంగ్లీషులో చెప్పారు. తర్వాత ఆ పదమూడో నంబరు బూట్లు ఊగడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. "మీ పెద్దమ్మ ఆరువందల కిలోమీటర్ల దూరంనుంచి తువ్వాలు విసిరిందిరా మామా! గురి తప్పలేదు!" అన్నాడు.

"నువ్వు కాదని ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెప్పాలనుకున్నాను. కోచ్‌కి నీ సంగతి చెప్పాలని రెండుసార్లు తలుపు దాకా వెళ్లి ఒట్టు గుర్తొచ్చి తిరిగొచ్చాను. చెప్పకపోవడమే నా తప్పు. తిట్లు ఎవరి పేర వచ్చినా పడాల్సింది నేనేలే అనుకున్నాను" అన్నాడు.

నేల మీదికి నా కన్నీళ్లు పడ్డాయి. బోర్లా పడుకుంటే చెంపల మీదికి రావు పెద్దమ్మా, తిన్నగా కింద పడతాయి. డాక్టరు ఏడవకూడదన్నాడు గానీ ఆయన అక్కడ లేడు. టెరెల్ బూటు మీద చెయ్యి వేసి క్షమించమన్నాను. అంతకంటే పైకి అందలేదు.

నీ మీద కోపం వచ్చింది, దాచను. రెండు రోజులు ఉంది. మూడో రోజు కంటి డాక్టరు వచ్చి గుడ్డ విప్పి చూశాడు. పొర అతుక్కుంది. చూపుకి సరిగ్గా మధ్యలో ఉండే చోటు ఊడటానికి ఇంకో వారమే పట్టేదట. నేను అడిగింది మూడు వారాలు.

జట్టు ఆదివారం ఓడిపోయింది. నేనున్నా ఓడేదేమో, గెలిచేదేమో. నా పేరు పక్కన ఆ ఐదు గజాలు ఉండిపోతాయి, ఉండనీ. కోచ్ మళ్లీ వచ్చాడు, ఈసారి కూర్చున్నాడు కాబట్టి మోకాళ్లు కూడా చూశాను. వచ్చే ఏడు కుర్రాళ్లకి కాళ్లు చూసి ఎటు పోతారో చెప్పడం నేర్పమన్నాడు. సరేనన్నాను.

పెద్దమ్మా, నువ్వు నాకు రెండుసార్లు కన్నిచ్చావు. ఇంతకంటే రాయలేను, మెడ పట్టేసింది.

నీ ఒస్తాప్


హోలుబివ్కా
నవంబరు 20

నా తండ్రీ ఒస్తాప్,

నీ ఉత్తరం పోస్టాఫీసులోనే విప్పాను. ఇంటిదాకా ఆగలేకపోయాను. "అతుక్కుంది" అన్న మాట దగ్గర పోస్టుమాస్టరు కుర్చీ ఇచ్చాడు. వాల్టర్‌కి చదివి వినిపిస్తే ట్రాక్టరు ఎక్కి ఊరంతా చెప్పి వచ్చాడు. బ్రేకులు బాగున్నాయి.

నీకూ, ఆ డాక్టరుకీ, కోస్టుర్ గారికీ దండాలు. ఆయనకి ఇంకో రొట్టె పంపుతున్నాను, ఈసారి అందులో ఏమీ లేదని చెప్పు, భయం లేకుండా తినమను. మీ అమ్మకి కూడా చెప్పి వచ్చాను. మంచులో నడిచి వెళ్లాను, జారలేదు.

కోపం రెండు రోజులే ఉన్నందుకు సంతోషం. నేను ఏడాది అనుకున్నాను.

ఇప్పుడు నాకొక పని చేసి పెట్టు. టెరెల్ వాళ్లమ్మ చిరునామా కావాలి. కొడుకు రోజూ కార్డు రాస్తాడన్నావు, కానీ ఇలాంటివి ఏ కొడుకూ తల్లికి రాయడు. చెయ్యని దానికి మాట పడి, పైకి ఒక్క మాట అనకుండా, రోజూ మోకాళ్ల మీద కూర్చుని నా బిడ్డ కంట్లో చుక్కలు వేశాడని ఆవిడకి ఎవరు చెబుతారు? నేను చెబుతాను. ఒట్టు విషయంలో తప్పు చేశాడని కూడా రాస్తాను, పొగిడి వదిలేస్తే తల్లి నమ్మదు. నేను మన భాషలో చెప్తాను, నువ్వు ఇంగ్లీషులో రాయి. కింద నా పేరు మాత్రం నేనే పెడతాను, ఇంగ్లీషు అక్షరాల్లో, వాల్టర్ నేర్పుతున్నాడు.

ఒక్క జాగ్రత్త. కొడుకు ఆడే దేశంనుంచి తెలియని చేతిరాతతో కవరు వస్తే ఆవిడ దాన్ని విప్పేలోపే గుండె ఆగిపోతుంది. నాకు తెలుసు. అందుకని కవరు బయటే, చిరునామా కంటే పైన, పెద్ద అక్షరాలతో రాయి: అబ్బాయి క్షేమం.

పెద్దమ్మ స్టెఫ్కా